ప్రైమరీ పిల్లలకు లెసన్ ప్లాన్: ఏ పాఠానికి ఏ పద్ధతి ఎంచుకోవాలి?

ప్రైమరీ తరగతికి పాఠం ప్లాన్ చేసుకునే టీచరుకు ఇప్పుడు పద్ధతుల కొదవ లేదు. ట్రైనింగులో నేర్పిన హెర్బార్ట్ సోపానాలు ఉన్నాయి. సైన్సుకైతే ఐదు దశల '5ఇ' నమూనా మేలంటారు. ప్రాజెక్టు చేయిస్తేనే పిల్లలు నేర్చుకుంటారని కొందరు, ముందు మూల్యాంకనం రాసుకుని ఆ తర్వాతే పాఠం రాయాలని ఇంకొందరు చెబుతారు. ప్రతి పద్ధతికీ గట్టిగా వాదించేవాళ్లున్నారు. ప్రతి పద్ధతిలోనూ పిల్లలు చక్కగా నేర్చుకున్న తరగతులున్నాయి. మధ్యలో టీచరుకే టెన్షన్. రేపు పొద్దున్న చెప్పాల్సిన పాఠానికి వీటిలో దేన్ని పట్టుకోవాలి?

నా మాట ముందే చెప్పేస్తాను. పద్ధతిని ముందు ఎంచుకుని పాఠాన్ని అందులో ఇరికించకండి. అభ్యసన ఫలితంలో, అంటే పాఠం అయ్యాక పిల్లలు ఏం చేయగలగాలో చెప్పే వాక్యంలో, ఉన్న క్రియాపదాన్ని చదవండి. ఆ పనిని పిల్లల చేత నిజంగా చేయించగల పద్ధతి ఏదో అదే ఆ పాఠానికి సరైనది.

ఈ సంగతి నాకు ఒక పాఠం చెడిపోయాకే తెలిసింది. మూడో తరగతికి నీడల పాఠం. 'రోజులో వేర్వేరు వేళల్లో నీడ పొడవు ఎలా మారుతుందో గమనించి కారణం చెప్పగలరు' అన్నది చేరాల్సిన ఫలితం. నేను నల్ల కాగితంతో జంతువుల బొమ్మలు కత్తిరింపజేసి, పుల్లలకు అంటించి, గోడ మీద నీడల ఆట ఆడించాను. పీరియడంతా కత్తెరలు, జిగురు, నవ్వులు. మర్నాడు 'మధ్యాహ్నం నీడ ఎందుకు చిన్నదవుతుంది?' అని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. ఎలా చెబుతారు? వాళ్ల చేత నేను చేయించింది కత్తిరించడం, అంటించడం. వెలుగు ఎంత ఎత్తు నుంచి వస్తోందో ఆలోచించాల్సిన క్షణం ఆ పీరియడ్‌లో ఒక్కటి కూడా లేదు.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

ఫలితంలో ఏ క్రియ ఉంది? అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. 'గుర్తిస్తారు', 'పోలుస్తారు', 'కారణం చెబుతారు', 'తయారు చేస్తారు' అన్నవి నాలుగు వేర్వేరు పనులు. విద్యా మనస్తత్వవేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో ఇచ్చిన అభ్యసన లక్ష్యాల వర్గీకరణను 2001లో సవరించినప్పుడు ఆరు మెట్లకూ క్రియల పేర్లే పెట్టారు: గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, విలువ కట్టడం, సృజించడం. ఫలితంలో 'పోలుస్తారు' అని ఉంటే, పిల్లలు రెండింటిని పక్కపక్కన పెట్టి పోల్చే సమయం ప్లాన్‌లో కనబడాలి. టీచరు పోల్చి చూపించి పిల్లల చేత నోట్సు రాయిస్తే ఆ ఫలితం చేరినట్టు కాదు.

పిల్లలకు ఈ విషయం ఎంత కొత్త? బొత్తిగా కొత్తదైతే సాయం ఎక్కువ కావాలి. మనసు ఒకేసారి పట్టుకోగలిగేది చాలా కొద్ది. ఏమీ తెలియని చోట పిల్లల్ని 'మీరే కనుక్కోండి' అని వదిలేస్తే ఆ కొద్ది శక్తీ తడుముకోవడానికే సరిపోతుంది. ఈ వాదనను కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే పరిశోధకులు 2006లో గట్టిగా వినిపించారు. విషయం కొంత తెలిసిన పిల్లల దగ్గర ఇది తిరగబడుతుంది. వాళ్లకు ప్రతి మెట్టూ విప్పి చెబితే విసుగు పుడుతుంది, నేర్చుకోవడమూ తగ్గుతుంది.

చేతులు పనిచేస్తున్నాయా, బుర్ర పనిచేస్తోందా? 'ఆసక్తికరమైన పాఠం' అనగానే మన కళ్ల ముందుకు వచ్చేది రంగులు, ఆటలు, సందడి. అవి ఉండొచ్చు. కానీ ప్లాన్‌లోని ప్రతి యాక్టివిటీ పక్కన ఒక ప్రశ్న రాసుకోండి: 'ఈ నిమిషంలో పిల్లాడు దేని గురించి ఆలోచిస్తాడు?' జవాబు 'జిగురు గురించి' అని వస్తే ఆ యాక్టివిటీని మార్చాలి.

రానివాళ్లెవరో నాకు ఎప్పుడు తెలుస్తుంది? యూనిట్ పరీక్ష రోజున తెలిస్తే ఆలస్యమైనట్టే. అదే పీరియడ్‌లో తెలియాలి.

ఇక సమయం, సామగ్రి, పిల్లల సంఖ్య. వీటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, ఏ టీచరుకైనా తన తరగతి సంగతి తెలుసు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ప్లాన్ రాయడానికి పట్టే సమయం, పాఠం జరగడానికి పట్టే సమయం వేర్వేరు లెక్కలు. కొన్ని పద్ధతులు రాయడానికి తేలికగా ఉండి, నడపడానికి ఎక్కువ పీరియడ్లు తింటాయి. కొన్ని సరిగ్గా దానికి ఎదురు.

## అన్నిటికీ అడుగున: వెనుక నుంచి ముందుకు ప్లాన్

గ్రాంట్ విగ్గిన్స్, జే మెక్‌టై 1998లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. మూడు మెట్లు. పిల్లలు ఏం చేయగలగాలో మొదట తేల్చుకోవడం. చేయగలుగుతున్నారని ఏ ఆధారంతో నమ్ముతామో తర్వాత రాసుకోవడం. చివరగా, అక్కడికి చేర్చే పనులు ఎంచుకోవడం. మామూలుగా మనం చేసేది దీనికి తలకిందులు: పాఠ్యపుస్తకంలోని పేజీ తీస్తాం, ఒక మంచి యాక్టివిటీ వెతుకుతాం, ఆఖర్న ప్రశ్నలు రాస్తాం.

చాలామంది దీన్ని 5ఇకో, ప్రాజెక్టుకో పోటీ అనుకుంటారు. అలా కాదు. మిగతా పద్ధతులు పాఠం *ఎలా* జరగాలో చెబుతాయి. ఇది ఆ పాఠం *దేనికోసం* జరుగుతోందో చెబుతుంది. కాబట్టి దీన్ని వేరే ఆప్షన్‌గా లెక్కపెట్టకుండా, ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు ఈ మొదటి రెండు మెట్లూ ఎక్కండి. పేజీలకు పేజీలు రాయనక్కర్లేదు. ఒక పాఠానికి రెండు వాక్యాలు చాలు: 'పాఠం అయ్యాక పిల్లలు ఇది చేయగలరు. ఈ ప్రశ్నకు ఇలా జవాబిస్తే చేయగలుగుతున్నారని నమ్ముతాను.' నీడల పాఠానికి నేను రెండో వాక్యం రాసుకుని ఉంటే, కత్తెరలు పెట్టెలోనే ఉండిపోయేవి.

పూర్తి స్థాయిలో చేయాలంటే మాత్రం సమయం పడుతుంది. దాన్ని ఒక్కో పాఠానికి కాకుండా మొత్తం యూనిట్‌కు చేసుకుంటే గిట్టుబాటవుతుంది.

## హెర్బార్ట్ సోపానాలు

జర్మన్ తత్వవేత్త హెర్బార్ట్ ఆలోచనల మీద ఆయన శిష్యపరంపర 19వ శతాబ్దంలో కట్టిన మెట్లు ఇవి: సన్నాహం, ప్రదర్శన, పోలిక, సాధారణీకరణం, అన్వయం. పాతబడ్డాయని కొట్టిపారేసేవాళ్లున్నారు గానీ మొదటి మెట్టు ఈనాటికీ బంగారమే. పిల్లలకు తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెళ్లాలన్న సూత్రం అందులో ఉంది. సూత్రాన్ని టీచరు చెప్పకుండా ఉదాహరణల నుంచి పిల్లలే రాబట్టాలన్న నాలుగో మెట్టూ గొప్పదే.

ఇబ్బంది ఎక్కడంటే, పిల్లలు స్వయంగా పనిచేసేది చివరి మెట్టులోనే. గంట కొట్టేసరికి ఆ మెట్టు మిగలదు. వ్యాకరణం, కొత్త భావన, నిర్వచనం వంటి పాఠాలకు వాడుకోండి. నైపుణ్యం నేర్పే పాఠాలకు వద్దు.

## నేను చేస్తాను, మనం చేద్దాం, మీరు చేయండి

డేవిడ్ పియర్సన్, మార్గరెట్ గాలగర్ 1983లో చదివి అర్థం చేసుకోవడం నేర్పే సందర్భంలో చెప్పిన ఆలోచన ఇది. బాధ్యత మొదట టీచరు భుజాన ఉంటుంది, మెల్లమెల్లగా పిల్లల భుజాలకు మారుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచరు ఎవరడిగినా నేను మొదట చెప్పేది దీని గురించే. రాయడం తేలిక, నడపడం తేలిక, పాఠం ఎక్కడ తెగిందో వెంటనే కనబడుతుంది.

రెండంకెల తీసివేత చూద్దాం. 52 − 27. 'నేను చేస్తాను' దగ్గర టీచరు బోర్డు మీద లెక్క చేస్తూ తన ఆలోచనను పైకి చెబుతుంది: 'రెండులోంచి ఏడు తీయాలి. చాలదు. అందుకని ఒక పదిని విప్పుతున్నాను, ఇప్పుడు నా దగ్గర పన్నెండు ఒకట్లు ఉన్నాయి.' ఇక్కడ ముఖ్యమైనది ఈ పైకి చెప్పడమే. లెక్క చేసి చూపిస్తే పిల్లలకు అంకెలు కనబడతాయి తప్ప ఆలోచన కనబడదు.

'మనం చేద్దాం' దగ్గరే చాలా పాఠాలు నీరుగారిపోతాయి. టీచరు అడుగుతుంది, ముందు వరుసలో ఇద్దరు అరుస్తారు, 'వచ్చింది కదా' అనుకుని వర్క్‌షీట్ ఇచ్చేస్తుంది. అలా కాకుండా అందరి చేతా పలక మీద రాయించి ఒకేసారి పైకెత్తమనండి. 35 అని రాసినవాళ్లు కొందరు కచ్చితంగా కనబడతారు. వాళ్లు ఏడులోంచి రెండు తీశారు, పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలన్న పాత అలవాటు అది. ఆ 35ను ఎవరిదో చెప్పకుండా బోర్డు మీద రాసి, 'ఈ జవాబు ఎలా వచ్చి ఉంటుంది?' అని అడగండి. పాఠంలో పిల్లలు బాగా ఆలోచించే ఐదు నిమిషాలు అవే అవుతాయి.

ప్రశ్న అడిగాక కాస్త ఆగండి. టీచర్లు మామూలుగా ఒక్క సెకను కూడా ఆగరని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవుగా, ఆలోచనతో వస్తాయని విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లోనే గమనించి రాశారు. ఖర్చు లేని మార్పు ఇది. ఏ పద్ధతిలోనైనా పనికొస్తుంది గానీ ఇందులో మరీ ఎక్కువ.

40 నిమిషాల పీరియడ్‌ను నేను ఇలా పంచుతాను: నేను 8, మనం 15, మీరు 12, చివరి పరిశీలనకు 5. ఎక్కువ సమయం మధ్య మెట్టుకు ఇచ్చానని గమనించండి.

ఈ పద్ధతి ఎక్కడ పనికిరాదంటే, 'కారణం కనుక్కుంటారు', 'అన్వేషిస్తారు' అని ఉన్న ఫలితాల దగ్గర. జవాబు ముందే చెప్పేశాక కనుక్కోవడానికి ఇంకేం మిగులుతుంది?

## 5ఇ నమూనా

రాబర్ట్ కార్‌ప్లస్ 1960ల్లో ఇచ్చిన అభ్యసన చక్రం మీద, 1980ల్లో రోజర్ బైబీ నాయకత్వంలోని బృందం కట్టిన నమూనా ఇది. ఆసక్తి రేపడం, అన్వేషించడం, వివరించడం, విస్తరించడం, మూల్యాంకనం చేయడం అన్నవి ఐదు దశలు; ఇంగ్లీషులో ఈ ఐదు పేర్లూ 'ఇ' (E) అక్షరంతో మొదలవుతాయి కాబట్టి 5ఇ. దీని ప్రాణమంతా ఒక్క విషయంలో ఉంది: వివరణ కంటే అనుభవం ముందు వస్తుంది.

మునగడం, తేలడం పాఠం దీనికి చేతికి తొడుగులా సరిపోతుంది. 'బరువైనవి మునుగుతాయి, తేలికైనవి తేలతాయి' అని దాదాపు ప్రతి పిల్లాడూ నమ్ముతాడు. మోడలింగ్ మట్టి ముద్దను ఉండ చేసి నీళ్లలో వేయండి, మునుగుతుంది. 'ఇదే మట్టిని తేల్చగలరా? కాస్త కూడా తీసేయకూడదు' అని అడగండి. ఆసక్తి రేపడం అంటే అంతే, దానికి వేరే కథలూ పాటలూ అక్కర్లేదు. పిల్లలు సాగదీస్తారు, పల్చగా చేస్తారు, ఎవరో ఒకరు అంచులు ఎత్తి గిన్నెలా చేస్తారు. తేలుతుంది. బరువు మారలేదు, కానీ తేలింది! ఇప్పుడు టీచరు వివరణకు చోటు ఏర్పడింది. గిన్నె ఆకారం ఎక్కువ నీటిని పక్కకు నెడుతుంది, ఆ నీరు దాన్ని పైకి నెడుతుంది అన్న మాట ఇప్పుడు చెబితే మనసులో నిలుస్తుంది. పొద్దున్నే చెప్పి ఉంటే బోర్డు మీద వాక్యంగా ఉండిపోయేది.

విస్తరించడానికి: 'మీ గిన్నెలో ఎన్ని గోళీలు వేస్తే మునుగుతుంది? ముందు ఊహించి రాయండి, తర్వాత చూడండి.'

రెండు జాగ్రత్తలు. ఐదు దశలూ ఒకే పీరియడ్‌లో కుక్కేయాలని చూస్తే అన్వేషణ 30 నిమిషాలు తినేసి, వివరణ గంట కొట్టాక గుమ్మం దగ్గర జరుగుతుంది. రెండు మూడు రోజులకు పరచండి. అన్వేషణకు ముందు పిల్లల ఊహను తప్పక రాయించండి కూడా. రాయకపోతే, ఫలితం చూశాక 'నేనూ అదే అనుకున్నాను' అంటారు. తమ నమ్మకం తప్పిందని వాళ్లకే తెలియదు.

తీసివేత నేర్పడానికి 5ఇ వాడకండి. గుణింతాలకు వాడకండి. అక్కడ కనుక్కోవాల్సినది కొంచెం, సాధన చేయాల్సినది బోలెడు.

## వస్తువు, బొమ్మ, గుర్తు

గణితంలో దీనికి సాటి వచ్చేది లేదు. మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960ల్లో చెప్పిన మూడు రూపాలు దీనికి పునాది: చేతితో చేసి తెలుసుకోవడం, బొమ్మగా చూసి తెలుసుకోవడం, గుర్తుగా రాసి తెలుసుకోవడం.

1/3, 1/4లో ఏది పెద్దది? నాలుగు మూడు కన్నా పెద్దది కాబట్టి 1/4 పెద్దదని చాలామంది పిల్లలంటారు. అది వాళ్ల తెలివితక్కువ కాదు. పూర్ణసంఖ్యల దగ్గర పనిచేసిన నియమాన్నే ఇక్కడా వాడుతున్నారు. ఒకే పొడవున్న కాగితపు పట్టీలు ఇవ్వండి. ఒకదాన్ని మూడు సమాన భాగాలుగా, ఇంకొకదాన్ని నాలుగు సమాన భాగాలుగా మడిచి, ఒక్కో ముక్కను పక్కపక్కన పెట్టి చూడమనండి. మర్నాడు పట్టీలు లేకుండా నోటుబుక్కులో పట్టీల బొమ్మ గీయించండి. ఆ తర్వాతే 1/3 > 1/4 అని రాయించండి. 'ఎక్కువ మందికి పంచితే ఒక్కొక్కరికి తక్కువ వస్తుంది' అన్న మాట ఎవరో ఒక పిల్లాడి నోటి నుంచి దానంతటదే వస్తుంది. అప్పటిదాకా మీరు చెప్పకుండా ఓపిక పట్టండి.

ఇక్కడ మనం చేసే తప్పు బొమ్మ మెట్టును దాటేయడం. పట్టీలతో ఆడించి నేరుగా గుర్తులకు వెళ్తే, పిల్లల మనసులో పట్టీలు ఒక ఆట, గుర్తులు ఒక లెక్కగా విడివిడిగా ఉండిపోతాయి. మూడు మెట్లనూ వరుసగా ఎక్కించడమే కాదు, వెనక్కి కూడా దింపండి: '1/5 అని రాశాను, దీనికి బొమ్మ గీయి' అని.

## ప్రాజెక్టు

విద్యావేత్త విలియం కిల్‌పాట్రిక్ 1918 నాటి వ్యాసంతో ప్రాజెక్టు పద్ధతి పేరు ప్రపంచమంతా తిరిగింది. పిల్లలకు నిజమైన ప్రయోజనం కనబడే పని ఇస్తే మనసు పెట్టి చేస్తారన్నది మూలం. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ మన దగ్గర ప్రాజెక్టు అంటే ఇంట్లో పెద్దవాళ్లు చేసిపెట్టే చార్టు అయిపోతోంది, నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది.

నాలుగు, ఐదు తరగతులకు పనికొచ్చే ఒక ప్రాజెక్టు చెబుతాను. బళ్లో కారుతున్న కుళాయి కింద కొలజాడీ పెట్టి 10 నిమిషాల్లో ఎంత నీరు పోతోందో కొలవాలి. 50 మిల్లీలీటర్లు వచ్చిందనుకోండి. గంటకు 300, రోజుకు 7,200, అంటే 7.2 లీటర్లు. అన్ని కుళాయిలూ కొలిచి పట్టిక వేయాలి, కమ్మీ రేఖాచిత్రం గీయాలి, బాగు చేయించమని హెడ్మాస్టరుకు లేఖ రాయాలి. కొలతలు, గుణకారం, దత్తాంశం, లేఖా రచన అన్నీ ఒక్క పనిలో వచ్చాయి. పైగా ఇది ఇంట్లో ఎవరూ చేసిపెట్టలేని పని.

ప్రాజెక్టు ఎంచుకుంటే ఒక నియమం పెట్టుకోండి: ప్రతి రోజు పని పక్కనా ఒక అభ్యసన ఫలితం రాసి ఉండాలి. రాయలేని రోజు పని తీసేయండి. ఇంకో మాట. గుణకారం రాని పిల్లాడికి ప్రాజెక్టు గుణకారం నేర్పదు. వచ్చినదాన్ని వాడుకునే చోటు మాత్రమే ఇస్తుంది. అందుకే యూనిట్ మొదట్లో కాకుండా చివర్లో పెట్టండి.

## స్టేషన్లు

తరగతి గదిలో మూడు నాలుగు చోట్ల వేర్వేరు పనులు పెట్టి, పిల్లల బృందాలు ఒకదాని తర్వాత ఒకటి తిరగడం. దీని అసలు లాభం తిరగడంలో లేదు. టీచరు ఒక స్టేషన్ దగ్గర కూర్చుని ఐదారుగురితో దగ్గరగా పనిచేయగలగడంలో ఉంది. చదవడంలో వెనుకబడిన పిల్లలకు ఆ పది నిమిషాలు ఎంతో విలువైనవి. మిగతా స్టేషన్లలో కొత్త విషయం పెట్టకండి, పిల్లలు టీచరును పిలవకుండా చేయగల సాధన మాత్రమే పెట్టండి. అలవాటు పడడానికి మొదటి రెండు వారాలు పోతాయని ముందే ఒప్పుకుని దిగండి.

## ఒక్క చూపులో

| పద్ధతి | నప్పే ఫలితాలు | ప్లాన్‌కు పట్టే సమయం | నడపడానికి | ఎక్కడ జారుతుంది |
|---|---|---|---|---|
| హెర్బార్ట్ సోపానాలు | నిర్వచిస్తారు, సూత్రం రాబడతారు | తక్కువ | 1 పీరియడ్ | టీచరు మాటే ఎక్కువవుతుంది |
| నేను, మనం, మీరు | లెక్క చేస్తారు, చదువుతారు, రాస్తారు | తక్కువ | 1 పీరియడ్ | 'మనం' మెట్టు మాయమవుతుంది |
| 5ఇ | అన్వేషిస్తారు, కారణం చెబుతారు | మధ్యస్థం | 2–3 పీరియడ్లు | వివరణకు సమయం మిగలదు |
| వస్తువు, బొమ్మ, గుర్తు | గణిత భావన అర్థం చేసుకుంటారు | మధ్యస్థం | 2–4 పీరియడ్లు | బొమ్మ మెట్టు దాటేస్తాం |
| ప్రాజెక్టు | అన్వయిస్తారు, తయారు చేస్తారు | ఎక్కువ | 1–2 వారాలు | అలంకరణగా మారుతుంది |
| స్టేషన్లు | సాధన చేస్తారు, స్థాయిని బట్టి నేర్చుకుంటారు | మొదట ఎక్కువ, తర్వాత తక్కువ | రోజూ కొంత | కొత్త విషయం పెడితే గందరగోళం |

## మీరెవరో దాన్నిబట్టి

కొత్తగా చేరిన టీచరైతే మొదటి ఏడాది 'నేను, మనం, మీరు' ఒక్కదాన్నే గట్టిగా పట్టుకోండి. నెలకు ఒక సైన్సు పాఠం 5ఇలో ప్రయత్నించండి. ఐదు పద్ధతులు ఒకేసారి కలిపితే ఏది ఎందుకు పనిచేసిందో మీకే తెలియదు.

ఒకటి, రెండు తరగతులు చెప్పేవాళ్లు 40 నిమిషాల పాఠాన్ని ఒకే ముక్కగా రాయకండి. 8 నుంచి 10 నిమిషాల ముక్కలుగా విడగొట్టి, ఒక ముక్క కూర్చుని, ఒకటి లేచి కదిలేలా రాయండి. కదలిక కూడా పాఠంలోదే కావాలి. సంఖ్యారేఖ నేల మీద గీసి దాని మీద గెంతించడం కూడికే అవుతుంది.

50 మందికి పైగా ఉన్న తరగతిలో స్టేషన్లు, పూర్తి ప్రాజెక్టులు కష్టం. జంటలుగా మాట్లాడించడం, పలకలు పైకెత్తించడం పెట్టుకుంటే ఎంతమంది ఉన్నా ప్రతి పిల్లాడూ పనిచేస్తాడు. 5ఇలో అన్వేషణను బృందానికి ఒక్క సెట్టు సామానుతో నడపవచ్చు, కానీ ఊహ మాత్రం ప్రతి ఒక్కరూ విడిగా రాయాలి.

రెండు మూడు తరగతులు ఒకే గదిలో ఉంటే మీకు స్టేషన్లే దిక్కు, నిజానికి మీరు ఇప్పటికే ఏదో రూపంలో అవే చేస్తున్నారు. ఒక తరగతికి 'నేను, మనం' నడుస్తుంటే ఇంకో తరగతికి 'మీరు' నడవాలి. పాఠ్యాంశాలను జతపరుచుకుంటే పని సగం తగ్గుతుంది. నీడలు, కొలతలు, మొక్కలు వంటివి అందరికీ ఒకే పరిశీలనగా పెట్టి, రాయాల్సినది మాత్రం తరగతిని బట్టి మార్చవచ్చు: ఒకటో తరగతి బొమ్మ గీస్తుంది, మూడో తరగతి కొలిచి పట్టిక వేస్తుంది, ఐదో తరగతి కారణం రాస్తుంది.

సమయమే లేనివాళ్లు రెడీమేడ్ ప్లాన్లు తీసుకోవడంలో తప్పేమీ లేదు. టీచర్ హ్యాండ్‌బుక్‌లోవి కావచ్చు, ఏఐ రాసిచ్చినవి కావచ్చు. వాడే ముందు మూడు చోట్ల చూడండి. ఫలితంలోని క్రియ, చివరి ప్రశ్నలోని క్రియ ఒకటేనా? పిల్లలు చేసే తప్పు ఏదో ప్లాన్‌లో ముందే ఊహించి ఉందా? చెప్పిన నిమిషాలు కలిపితే పీరియడ్‌కు సరిపోతాయా? ఏఐ ఇచ్చే ప్లాన్లు చూడటానికి ముచ్చటగా ఉంటాయి గానీ రెండో ప్రశ్న దగ్గర తరచూ తప్పుతాయి. 52 − 27 దగ్గర 35 అని రాసే పిల్లలెవరో దానికి తెలియదు, మీకు తెలుసు. ఆ భాగం మీరే రాయండి.

## నీడల పాఠం ఇప్పుడు ఎలా చెబుతానంటే

ఫలితంలోని క్రియలు 'గమనించి, కారణం చెప్పగలరు'. కాబట్టి 5ఇ. ముందు రోజే చివరి ప్రశ్న రాసి పెట్టుకుంటాను.

మొదటి రోజు ఉదయం 9 గంటలకు ఆవరణలో ఒక కర్ర నిలబెట్టి, నీడ చివర సుద్దతో గీత గీయిస్తాం. సూర్యుడి వైపు నేరుగా చూడొద్దని ముందే చెబుతాను. '12 గంటలకు ఈ నీడ ఎక్కడుంటుంది? పెద్దదా, చిన్నదా?' ఎవరి ఊహ వాళ్లు నోటుబుక్కులో రాసుకుంటారు. 12కు వెళ్లి చూస్తాం, కొలుస్తాం. 3కు మళ్లీ. వెళ్లి రావడానికి ఒక్కోసారి ఐదు నిమిషాలు చాలు, మధ్యలో వేరే పాఠాలు జరుగుతూనే ఉంటాయి. అందరి చేతిలో మూడు కొలతలు ఉంటాయి. కారణం మాత్రం ఎవరి దగ్గరా ఉండదు, నేనూ చెప్పను.

రెండో రోజు గదిలో కిటికీలు మూసి, జంటకు ఒక పెన్సిలు, బృందానికి ఒక టార్చి ఇస్తాను. 'నిన్నటి మూడు నీడలనూ తెప్పించండి' అన్నదే పని. టార్చిని పక్కకు దించుతారు, పైకి ఎత్తుతారు. వెలుగు పై నుంచి పడితే నీడ కురచగా, వాలుగా పడితే పొడవుగా వస్తుందని చేతులే చెబుతాయి. అప్పుడు పది నిమిషాలు మాట్లాడతాను: సూర్యుడు ఆకాశంలో ఎక్కడెక్కడ కనబడ్డాడు, నీడ ఎప్పుడూ వెలుగుకు ఎదురు దిక్కునే ఎందుకు పడింది అని.

చివరి ఐదు నిమిషాల్లో ఒక చిన్న కాగితం. 'సాయంత్రం 5 గంటలకు నువ్వు ఆవరణలో నిలబడ్డావు. నీ నీడ ఎలా ఉంటుందో గీయి. ఎందుకో ఒక వాక్యం రాయి.' ఆ కాగితాలను ఆ సాయంత్రమే మూడు దొంతరలు చేస్తాను: బొమ్మా కారణమూ సరిగా ఉన్నవి, బొమ్మ సరిగా ఉండి కారణం లేనివి, రెండూ రానివి. మూడో దొంతరలో ఉన్నవాళ్లకు మర్నాడు పొద్దున మళ్లీ టార్చి చేతికిస్తాను.